పొగమంచులో జపాను తోట: దగ్గరి ఫొటోల భౌతికశాస్త్రం

అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ నగరపు పడమటి కొండల మీద ఒక జపాను తోట ఉంది. టోక్యో వ్యవసాయ విశ్వవిద్యాలయ ఆచార్యుడు టకుమా టోనో 1963లో దీనికి రూపకల్పన చేయగా, 1967లో సందర్శకులకు తెరిచారు. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున దాదాపు 80 కిలోమీటర్ల అవతల ఉన్న మౌంట్ హుడ్ శిఖరం కూడా ఈ తోటలో భాగమే అన్నట్లు కనిపిస్తుంది. అక్టోబరు చివరలో పొగమంచు దిగిన ఉదయాన మాత్రం ఆ శిఖరమే కాదు, చెరువు అవతలి గట్టు కూడా సగం మాయమవుతుంది. విశాల దృశ్యం కోసం వచ్చినవారికి అది నిరాశే కావచ్చు గాని, ఒక్క మేపుల్ ఆకునో, పైన్ సూది కొసన నిలిచిన నీటిబొట్టునో తీయదలచినవారికి అంతకంటే అనువైన వెలుతురు అరుదు.

ఆకుల ఎరుపుకీ పొగమంచుకీ అనుకూలించే వాతావరణం చాలావరకు ఒక్కటే. ఆకురాలే కాలంలో పత్రహరితం విచ్ఛిన్నమవుతుంటే, అంతవరకు దాని చాటున ఉన్న కెరోటినాయిడ్లు అనే పసుపు రంగు పదార్థాలు బయటపడతాయి. ఎరుపు సంగతి వేరు. పగటి ఎండకు తయారైన చక్కెరలు ఆకులోనే నిలిచిపోయినప్పుడు, వాటి ఆధారంగా ఆకు ఆంథోసయనిన్లు అనే ఎర్ర రంగు పదార్థాలను కొత్తగా తయారుచేసుకుంటుంది. ఎండ కాసే పగళ్లు, గడ్డకట్టించనంత చల్లని రాత్రులు వరుసగా వస్తే ఆ ఎరుపు చిక్కబడుతుంది. రాలిపోబోయే ఆకు ఇంత శ్రమ ఎందుకు పడుతుందన్న ప్రశ్నకు ఏకాభిప్రాయం లేదు. ఆ రంగు చెట్లు చీడపురుగులకు పంపే హెచ్చరిక అని 2001లో వెలువడిన జీవశాస్త్రవేత్తలు హామిల్టన్, బ్రౌన్‌ల ప్రతిపాదన చెబుతుంది. ఆకులోని నత్రజని కొమ్మల్లోకి తిరిగి చేరేదాకా ఎండ తీవ్రత నుంచి కాపుగా నిలుస్తుందని మరో వాదన. నాకు రెండోదే ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది. ఇక రాత్రి సంగతికి వస్తే, అక్టోబరు చివర అక్కడ చీకటి 13 గంటలకు పైగా ఉంటుంది. మబ్బు లేని ఆకాశంలోకి నేల తన వేడిని వదిలేస్తుంది, నేలను అంటుకున్న తేమగాలి చల్లబడుతుంది, గాలి కదలిక పెద్దగా లేకపోతే అందులోని ఆవిరి పొగమంచుగా మారుతుంది. అంటే మబ్బులేని పగలు ఆకుకు రంగునిస్తే, అదే మబ్బులేని రాత్రి ఆ ఆకు వెనక తెల్లటి తెర కడుతుంది.

ఆ తెర తెల్లగా ఉండటానికి కారణం బొట్ల పరిమాణం. పొగమంచు బొట్ల వ్యాసం కొన్ని మైక్రోమీటర్ల నుంచి కొన్ని పదుల మైక్రోమీటర్ల దాకా ఉంటుంది. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం మాత్రం ఒక మైక్రోమీటరులో సగం చుట్టుపక్కలే. అంత పెద్ద బొట్లు అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడతాయి. ఇలాంటి గాలిలో దూరం పెరిగేకొద్దీ వస్తువుకూ నేపథ్యానికీ మధ్య తేడా ఏ లెక్కన తగ్గుతుందో 1924లో జర్మన్ శాస్త్రవేత్త కోష్‌మీడర్ సూత్రీకరించాడు. 200 మీటర్ల దాకా మాత్రమే చూపు ఆనే మంచులో ఆ లెక్క వేస్తే, 100 మీటర్ల దూరంలోని చెట్టుకు అసలు కాంట్రాస్ట్‌లో, అంటే ఆ తేడాలో, సుమారు 14 శాతం, 50 మీటర్ల దగ్గర 38 శాతం, 10 మీటర్ల దగ్గర 82 శాతం మిగులుతాయి. అర మీటరులో ఉన్న ఆకుకైతే 99 శాతం నిలుస్తుంది. పొగమంచు ఫొటోను మసకబరుస్తుందన్న మాట దూరపు వస్తువులకే వర్తిస్తుంది; దగ్గరి ఆకు అంచులు, ఈనెలు పదునుగానే పడతాయి, వెనకున్న కంచె, దారి, మనుషులు మాత్రం తెలుపులో కలిసిపోతారు.

తడి ఆకుకు మరొక గుణం ఉంది. పొడి ఆకు పైనున్న సూక్ష్మమైన గరుకుదనం తెల్లటి వెలుతురును అన్ని వైపులకూ చిమ్మి రంగును పలచబరుస్తుంది. ఆ గరుకును నీటిపొర పూడ్చినప్పుడు, తడిపిన ఇటుక లాగే, ఆకు ముదురు రంగుకు తిరుగుతుంది. అయితే ఆ నీటిపొర చిన్న అద్దమై తెల్లటి ఆకాశాన్ని ప్రతిబింబిస్తుంది కూడా. పోలరైజర్ ఫిల్టరు ఉపయోగం ఇక్కడే. ఆకు తలానికి లంబంగా ఉన్న రేఖతో 53 డిగ్రీల కోణం దగ్గర నీటి నుంచి ప్రతిఫలించే కాంతి దాదాపు పూర్తిగా ధ్రువణం చెంది, అంటే ఒకే దిశలో కంపిస్తూ, ఉంటుంది కనుక, ఫిల్టరును తిప్పగానే ఆ మెరుపు తొలగి కింది ఎరుపు బయటపడుతుంది. ఇది ఒకటి రెండు స్టాపుల వెలుతురును (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) మింగేస్తుంది, కాబట్టి షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచాలి; పొగమంచును నిలబెట్టిన ఆ నిశ్చలమైన గాలే ఆకు కదలకుండానూ చూస్తుంది.

నీటిబొట్ల కోసం వెడల్పాటి ఆకుల కంటే సన్నని వాటి దగ్గరే వెతకాలి. వెడల్పాటి వస్తువును చుట్టుకుని పోయే గాలి తనతోపాటు మంచుబొట్లనూ పక్కకు తీసుకుపోతుంది. సాలెపోగు, పైన్ సూది వంటి సన్నని అడ్డు ఎదురైనప్పుడు బొట్లు అంత త్వరగా పక్కకు మళ్లలేక దానికి తగులుకుంటాయి. అలాంటి బొట్టును సెన్సరు మీద అసలు పరిమాణంలో పడేలా, లెన్సు రంధ్రాన్ని ఎఫ్/8 కొలత వద్ద ఉంచి తీస్తే, పెద్ద సెన్సరు కెమెరాలో పదునుగా ఉండే లోతు దాదాపు ఒక మిల్లీమీటరే. బొట్టు కటకంలా పనిచేసి వెనకున్న చెట్టును తలకిందులుగా చూపిస్తుంది గనుక, బొట్టు అంచు మీద ఫోకస్ చేయాలా, లోపలి బింబం మీద చేయాలా అన్నది ముందే తేల్చుకోవాలి. రెండూ ఒకేసారి కుదరవు.

ఎక్స్‌పోజర్ విషయం సులువే. చూసినదాన్నంతా మధ్యస్థ బూడిదరంగుగా లెక్కించే కెమెరా మీటరు తెల్లటి మంచును మురికిగా చూపిస్తుంది, కాబట్టి ఒక స్టాపు పెంచాలి. ఫ్రేమంతా ఎర్రటి ఆకే నిండినప్పుడు మాత్రం ఎరుపు చానల్ హిస్టోగ్రామ్‌ను (ఫొటోలో ఎరుపు వెలుతురు ఎంతెంత ఉందో చూపే గ్రాఫును) చూసుకోకపోతే ఈనెల వివరాలు పోతాయి.

రాలిన ఆకులను రాళ్ల మీద కంటే నాచు మీద తీయడం నాకు ఇష్టం. నాచు ఆకులు చాలావరకు ఒకే కణం మందం కలిగి, వేళ్ల అవసరం లేకుండా నేరుగా తేమను పీల్చుకుంటాయి. ఎండలో ముడుచుకుని వెలసిపోయిన నాచు తడి తగిలిన కాసేపటికే విచ్చుకుని పచ్చబడుతుంది. ఆ పచ్చదనం మీద ఎరుపు మరింత నిండుగా కనిపిస్తుంది.

ఇసుక, రాళ్లతో ఏర్పరచిన తోట భాగానికి ఈ వెలుతురు పనికిరాదు. ఇసుకలో గీసిన చాళ్లు కంటికి ఆనేది వాటి నీడల వల్లే. అన్ని దిక్కుల నుంచి సమానంగా వచ్చే కాంతిలో నీడలుండవు. అక్కడికి మంచు విడిపోయాక వెళ్లడం మేలు, ఎందుకంటే అక్టోబరు చివర పోర్ట్‌లాండ్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 32 డిగ్రీలకు మించి ఎక్కడు. ఆ ఏటవాలు ఎండ పడ్డాక ప్రతి చాలూ విడివిడిగా కనిపిస్తుంది.