మిషన్ కొనీసాక సబ్సిడీ రాదండి బాబూ

పలాస చుట్టుపక్కల జీడిపప్పు యూనిట్ల వాళ్ళకి పీఎంఎఫ్‌ఎంఈ (చిన్న ఆహార తయారీ యూనిట్లకి కేంద్రం ఇచ్చే లోన్ సబ్సిడీ స్కీమ్) ఫైళ్ళు పెట్టించడం నా పని, ఆ స్కీమ్ జిల్లా రిసోర్స్ పర్సన్‌ని, అంటే డీఆర్‌పీని. వారానికొకరైనా ఫోన్ చేసి ఇదే మాట, "మిషన్ కొనీసినాం సార్, బిల్లు ఉంది, సబ్సిడీ ఎప్పుడు పడతాది?"

అపోహ: ముందు కొనేసి బిల్లు పెడితే 35 శాతం వెనక్కొచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. ఇది లోన్‌తో ముడిపడ్డ సబ్సిడీ. ముందు డీపీఆర్ (ప్రాజెక్టు వివరాల రిపోర్టు), తర్వాత బ్యాంకు టర్మ్ లోన్ శాంక్షన్, అప్పుడు మిషన్. ప్రాజెక్టు ఖర్చులో మీ వాటా కనీసం 10 శాతం పెట్టాలి. సబ్సిడీ ఎంతైనా 10 లక్షలు దాటదు, అదీ చేతికి ఇవ్వరు, బ్యాంకులోనే ఉంటుంది, మూడేళ్ళు యూనిట్ నడుస్తూ లోన్ సరిగ్గా కడుతుంటే అప్పుడు అప్పులో సర్దుతారు. డీలర్ "మేం చూసుకుంటాం" అన్నాడని అడ్వాన్స్ కట్టీకండి.

డబ్బు ఒక్కటే కాదు పోయేది. కాశీబుగ్గ దగ్గర ఒకాయన బంగారం తాకట్టు పెట్టి మరీ ఆటోమేటిక్ కటింగ్ మిషన్ తెచ్చాడు, వెళ్ళి చూస్తే మన ఉద్దానం పిక్కా (పెంకుతో ఉన్న జీడిగింజ) ఆఫ్రికా నుంచి వచ్చే పిక్కా కలిపి పోసేస్తున్నారు, బ్లేడు గ్యాప్ ఒక సైజుకే సెట్ అవుతుంది కదా, పెద్దవి నలిగిపోతున్నాయి, చిన్నవి తెగకుండానే జారిపోతున్నాయి, కింద ట్రే నిండా బద్దలూ ముక్కలే. విరగని గుండు పప్పు రేటు ఎక్కడ, ముక్క రేటు ఎక్కడ! ముందు పిక్కని సైజులవారీగా వేరుచేసే జల్లెడ ఉండాలి, అది కొటేషన్‌లోనే లేదు. ఆ మనిషి మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. కొన్నదానికి ఏమీ రాదు గానీ ఇంకా కొనని జల్లెడకీ డ్రైయర్‌కీ పాత యూనిట్ అప్‌గ్రేడ్ కింద పెట్టొచ్చు, ఆ ఫైలే రాస్తున్నాను. కొనకముందు పిలిస్తే అన్నీ చూసి చెప్పేవాళ్ళం, మీ కరెంటు త్రీ ఫేజా కాదా అన్నదాంతో సహా.

మిగతావి గబగబా. డీఆర్‌పీకి డబ్బులివ్వాలా? వద్దు, లోన్ శాంక్షనైన ఫైలుకి 20,000 మాకు స్కీమే ఇస్తుంది. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్‌కి ఫీజు? లేదు, ఎవరైనా అడిగితే లేచి వచ్చీయండి. తనఖా? చిన్న యూనిట్లకి 10 లక్షల లోపు లోన్లకి అడగకూడదని ఆర్‌బీఐ రూలే ఉంది, 2026 ఏప్రిల్ నుంచి శాంక్షనయ్యేవాటికి ఆ పరిమితి 20 లక్షలు.

మిషన్ వస్తే ఆడవాళ్ళ పని పోతుందని కూడా భయపడతారు, ఆ భయం ఉత్తదేం కాదు, కటింగ్‌లో తగ్గుతారు. కానీ పొట్టు తీతా గ్రేడింగూ మన చిన్న యూనిట్లలో ఇంకా చేతిమీదే నడుస్తున్నాయి, పైగా పెంకులోని జీడి నూనె కారి వేళ్ళు కాలే పని కటింగే.