ఆరు డిస్కుల్లో ఒక పార్టిషన్

40 జీబీ డేటా ఉన్న విండోస్ పార్టిషన్‌ను (హార్డ్ డిస్కులో విండోస్ ఉండే భాగాన్ని) డీవీడీల మీదికి ఎక్కించాలంటే చాలామంది ముందు దాని ఇమేజి (యథాతథ నకలు) మొత్తాన్ని కుదించి ఒక్క ఫైలు చేస్తారు. ఆ తర్వాత దాన్ని డిస్కుకు సరిపడా ముక్కలుగా కోస్తారు. ఈ వరుసలోనే ప్రమాదం ఉంది. అలా కుదించిన జీజిప్ ఫైలును మొదటి నుంచి వరసగా విప్పుకుంటూ పోవాలి, ప్రతి భాగానికీ తన ముందున్న డేటా కావాలి. రెండో డిస్కు మీద లోతైన గీత పడిందంటే మిగతా నాలుగు డిస్కులూ కొత్తవాటిలా ఉన్నా విప్పడం అక్కడే ఆగిపోతుంది.

అందుకే ముందు కొయ్యాలి, తర్వాత ఒక్కో ముక్కనూ విడిగా కుదించాలి. అప్పుడు ఒక ముక్క పాడైతే పోయేది ఆ ముక్కే, ఇమేజి వివరాలుండే మొదటి ముక్క పోతే మాత్రం కుదరదు. దాని చోట అంతే పొడవున సున్నాలు నింపి, చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో చూపే సంఖ్య) తప్పులు పట్టించుకోవద్దని, ఇమేజి తీసి తిరిగి దించే పార్ట్‌క్లోన్ ప్రోగ్రాముకు చెబితే మిగతా డేటా తన స్థానంలోనే పడుతుంది.

ఇమేజి తీయకముందు ఇల్లు సర్దుకోవాలి. 16 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్లో ర్యామ్‌లోని పనిని దాచిపెట్టే హైబర్నేషన్ ఫైలే ఆరేడు జీబీ తింటుంది. పవర్‌సీఎఫ్‌జీ ఆదేశంతో హైబర్నేషన్ ఆపేస్తే ఆ ఫైలు పోతుంది, విండోస్‌ను త్వరగా తెరిచే ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగుతుంది. ఫాస్ట్ స్టార్టప్ ఆగడం మరీ ముఖ్యం. అది పనిచేస్తున్నంతకాలం షట్‌డౌన్ చేసినా విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ పూర్తిగా మూతపడదు. డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే ముందే తీసెయ్యండి. తాళం పడిన డేటా కుదించడానికి లొంగదు, పైగా ఖాళీ చోటేదో పార్ట్‌క్లోన్‌కు తెలియదు కాబట్టి పార్టిషన్ మొత్తాన్నీ మోసుకురావాల్సి వస్తుంది.

ఇక లెక్క. పార్ట్‌క్లోన్ వాడుకలో ఉన్న బ్లాకులనే తీస్తుంది కనుక ఇమేజి సుమారు 40 జీబీ. దాన్ని స్ప్లిట్ ఆదేశంతో 50 కోట్ల బైట్ల చొప్పున కోస్తే 80 ముక్కలు. ఒక్కోటీ కుదించాక 30 కోట్ల బైట్లకు వచ్చిందనుకుంటే డిస్కుకు 14 ముక్కలు, అంటే 420 కోట్ల బైట్లు. మొత్తం ఆరు డిస్కులు.

డిస్కు సామర్థ్యం 470 కోట్ల బైట్లు కదా, మిగతా 50 కోట్లు ఎందుకు వదలాలి? అందులో 42 కోట్లు పార్‌2 ప్రోగ్రాముతో తయారుచేసే 10 శాతం మరమ్మతు డేటాకి. చిన్న గీతల వల్ల చదవలేకపోయిన భాగాల్ని అది తిరిగి కట్టిస్తుంది, డిస్కే పోతే మాత్రం ఏమీ చెయ్యలేదు. దానికి మందు ఇవే డిస్కుల రెండో సెట్టే. మిగిలిన కాస్త చోటూ ఖాళీగా ఉండటమే మేలు. డీవీడీని లోపలి నుంచి అంచు వైపు రాస్తారు, లోపాలు ఎక్కువగా కనిపించేది ఆ బయటి అంచులోనే.

ముక్కలు పెద్దవిగా ఉండాలనుకుంటే ఒక్క బైటు దగ్గర దెబ్బ తగులుతుంది. మామూలు ఐఎస్‌ఓ 9660 పద్ధతిలో రాసిన డిస్కులో ఒక ఫైలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 బైట్లు దాటకూడదు. స్ప్లిట్‌కు "4జీ" అని చెబితే వచ్చే ముక్క సరిగ్గా ఒక బైటు ఎక్కువ.

ముక్కల పేర్లలో అంకెలు 01, 02 అని సమాన పొడవున ఉండాలి. లేకపోతే కలిపేటప్పుడు 10వ ముక్క 2వ దాని ముందుకొచ్చి కూర్చుంటుంది. ప్రతి ముక్కకూ షా256 చెక్‌సమ్ తీసి, ఆ జాబితాను అన్ని డిస్కుల్లోనూ పెట్టండి. 16ఎక్స్ వేగం డిస్కయినా 8ఎక్స్‌లో రాయండి. రాశాక డిస్కును బయటికి తీసి మళ్లీ పెట్టి, వీలైతే వేరే డ్రైవులో, చెక్‌సమ్‌లు సరిచూడండి. రాసిన డ్రైవు చదివినంత మాత్రాన ఇంకో డ్రైవు చదువుతుందన్న భరోసా లేదు.

మొదటి డిస్కులో పార్టిషన్ పట్టిక నకలు, బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఇమేజి తప్పక ఉండాలి. అవి లేకుండా విండోస్ పార్టిషన్‌ను కొత్త హార్డ్ డిస్కులోకి దించినా కంప్యూటరు బూట్ కాదు. తిరిగి దించడానికి, పార్ట్‌క్లోన్ ఉన్న క్లోన్‌జిల్లా లైవ్ డిస్కుతో బూట్ చేసేటప్పుడు మెనూలో మొత్తం ర్యామ్‌లోకి ఎక్కించే ఎంపిక తీసుకోండి. ఉన్నది ఒక్క డీవీడీ డ్రైవే అయితే, నడుస్తున్న సిస్టమ్ దాన్ని పట్టుకుని ఉన్నంతసేపూ తరువాతి డిస్కు పెట్టలేరు. 80 ముక్కల్నీ ముందు వేరే హార్డ్ డిస్కులోకి దించుకుని, చెక్‌సమ్‌లు చూసి, విప్పి, వరసగా కలిపి అప్పుడు పార్ట్‌క్లోన్‌కు ఇవ్వండి.

కొత్త పార్టిషన్ పాతదాని కన్నా చిన్నదిగా ఉంటే పార్ట్‌క్లోన్ ఒప్పుకోదు. 120 జీబీ పార్టిషన్‌లో 40 జీబీయే వాడుకలో ఉన్నా సరే, దానికి 120 జీబీ చోటు కావాల్సిందే. చిన్న హార్డ్ డిస్కులోకి వెళ్లాల్సి రావచ్చు అనిపిస్తే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పార్టిషన్ సైజును ఇమేజి తీయకముందే తగ్గించుకోండి.