జైల్లో వాక్యం గొడవ ఇవాళ్టిదే, ముడి మాత్రం స్టూవర్టుపురం నాటిది

మళ్ళీ అదే రగడ. జైళ్ళలోకి వెళ్ళి ఖైదీలకి బైబిల్ వాక్యం చెప్పి, పాటలు పాడించి, సబ్బూ పేస్టూ పంచి వచ్చే క్రైస్తవ వాలంటీర్లని లోపలికి రానివ్వాలా, గేటు బయటే ఆపాలా అని. క్రిస్మస్ దగ్గరపడే కొద్దీ ఏదో ఒక మూల ఇది లేస్తూనే ఉంటది. చిన్న కొత్త నిబంధన పుస్తకాలు పట్టుకుని వరసగా కూర్చున్న ఖైదీల ఫోటో ఒకటి ఎవరో పెడతారు, అది బెజవాడ గ్రూపుల నుంచి గుంటూరుకీ అక్కడి నుంచి తెనాలికీ పోద్ది, ఆ పైన ఒకళ్ళు అర్జీ పెడితే ఇంకొకళ్ళు ఖండన ఇస్తారు. ఫోన్లు గేటు దగ్గరే పెట్టేయాల్సిన చోట ఆ ఫోటో ఎవరు తీశారో మాత్రం ఎవరూ అడగరు. పొద్దునకల్లా నేపథ్యం రాసిమ్మన్నారు కాబట్టి, ఈ గొడవకి పనికొచ్చే చరిత్ర ఏదో దాన్నే పట్టుకుంటున్నా.

హేయర్ దొర 1842లో గుంటూరులో దిగిన కాడి నుంచి మొదలుపెట్టను. లూథరన్ మిషను, ఏసీ కాలేజీ, కుగ్లర్ ఆస్పత్రి, గుణదల తిరునాళ్ళ, ఇవన్నీ ఇక్కడ పుట్టి పెరిగిన ఎవరికైనా తెలిసినవే.

అభ్యంతరం చెప్పేవాళ్ళ మాట ఏందంటే, ఖైదీ లేచి వెళ్ళిపోవడానికి వీల్లేని మనిషి, వాడి ముందు మతం చెప్పడమంటే వాడి నిస్సహాయతని వాడుకోవడమే అని. వాలంటీర్ల మాట ఏందంటే, చెరసాలలో ఉన్నవాణ్ణి చూడబోవడం మత్తయి సువార్త 25లో యేసు చెప్పిన పని, మేం మారమని ఎవర్నీ అడగట్లేదు, పిలిస్తే పోతున్నాం అని. ఒకళ్ళు మత్తయి 25 అంటే ఇంకొకళ్ళు మత స్వేచ్ఛ గురించి చెప్పే రాజ్యాంగం 25వ అధికరణం అంటారు, నెంబరు ఒకటే గానీ మాట కలవదు. నన్నడిగితే ఇద్దరూ కథని మధ్యలో మొదలుపెడుతున్నారు.

బాపట్ల దాటాక చీరాల లోపు ఒక చిన్న స్టేషను వస్తది, స్టూవర్టుపురం. 2022 ఏప్రిల్లో బాపట్ల జిల్లా అయ్యేదాకా అది గుంటూరు జిల్లాయే. ఆ పేరు వినగానే మనోళ్ళకి దొంగల కథలే గుర్తొస్తాయి, సినిమా వాళ్ళు కూడా ఆ పేరు మీద బాగానే సంపాదించుకున్నారు. కానీ అది దొంగలు కట్టుకున్న ఊరు కాదు, సర్కారు కట్టిన ఊరు. ఎరుకల వాళ్ళు ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునేవాళ్ళు. రైళ్ళొచ్చి, ఉప్పు వ్యాపారం సర్కారు గుప్పిట్లోకి పోయాక ఆ బతుకుతెరువు పాడైంది. 1871లో ఉత్తరాదిన పుట్టిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. ఫలానా కులంలో పుట్టావు కాబట్టి నువ్వు నేరస్తుడివి, వేలిముద్రలు ఇవ్వు, హాజరు చెప్పు, హద్దు దాటాలంటే పాసు తీసుకో. తల్లిదండ్రుల నుంచి పిల్లల్ని విడదీసి వేరే స్కూళ్ళలో పెట్టడానికి కూడా ఆ చట్టంలో వీలుంది. అట్టా 1913-14 ప్రాంతంలో ఎరుకల వాళ్ళని తెచ్చి ఇక్కడ సెటిల్మెంట్ పెట్టారు, మద్రాసు గవర్నర్ కౌన్సిల్లో మెంబరుగా ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు.

దాన్ని నడపడం పోలీసులకి ఇవ్వలా, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ మిషను సంస్థకి ఇచ్చారు.

ఈ ఒక్క నిర్ణయంతోనే ఇవాళ్టి గొడవ మొదలైందని నా అభిప్రాయం. ఐసీఎస్ ఉద్యోగం వదిలేసి ఆ సంస్థలో చేరిన ఫ్రెడరిక్ బూత్-టక్కర్ అనే ఆయన అప్పటికే గోరఖ్‌పూర్‌లో 1908 నుంచి ఇట్టాంటి సెటిల్మెంట్ నడిపించి సర్కారుకి నమ్మకం కలిగించాడు. సర్కారుకి ఖర్చు కలిసొచ్చింది, మిషనుకి మనుషులు దొరికారు. స్టూవర్టుపురం ఒక్కటే కాదు, మన సీతానగరంలో కూడా వాళ్ళ సెటిల్మెంట్ ఉండేది, ఇప్పుడు బ్యారేజీ దాటి మంగళగిరి వైపు పోయేవాళ్ళలో ఎంతమందికి తెలుసో. వాళ్ళ వైపు నుంచి చూస్తే భూమి చూపించారు, బడి పెట్టారు, మందులిచ్చారు, అవేమీ అబద్ధాలు కాదు. కానీ ప్రార్థన చేయించే సంస్థే హాజరు పట్టీ రాసేది. పాసు ఇవ్వాలన్నా వాళ్ళే, ఇవ్వకూడదన్నా వాళ్ళే. చీరాల పొగాకు కంపెనీలో కూలికి పోయే చేతులు కూడా ఆ సెటిల్మెంట్ నుంచి పోయినవే. అట్టాంటి చోట ఒకడు మోకాళ్ళూని ఆమేన్ అంటే అది దేవుడికి చెప్పిందా, పాసు ఇచ్చే దొరకి చెప్పిందా? ఆ చెప్పినవాడికైనా తేలుద్దా అసలు?

1952 ఆగస్టులో ఆ చట్టం పోయింది, వాళ్ళని విముక్త జాతులన్నారు. అయితే పదేళ్ళు తిరక్కుండానే 1962లో ఆంధ్రప్రదేశ్‌లో అలవాటు నేరస్తుల చట్టం వచ్చింది, అనుమానం మాత్రం పాతవాళ్ళ మీదే ఉండిపోయింది. మొన్న 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు జైలు మాన్యువల్స్‌లో కులాన్ని బట్టి పనులు పంచే రూల్స్ కొట్టేస్తూ ఈ విముక్త జాతుల సంగతి కూడా గట్టిగా పట్టించుకుంది, అంటే వందేళ్ళ నాటి ఆ రిజిస్టర్ల నీడ మాన్యువల్స్‌లో ఇంకా మిగిలే ఉందనే కదా.

ఈ మధ్యలో జరిగిన ఇంకో సంగతి మన రెండు పక్షాలూ ఎత్తవు, ఎందుకంటే అది ఇద్దరికీ ఇబ్బందే. 1970ల్లో స్టూవర్టుపురం వెళ్ళి అక్కడివాళ్ళతో, జైళ్ళలో ఉన్న వాళ్ళ మనుషులతో కూర్చుని మాట్లాడి సంస్కరణ పని మొదలుపెట్టింది ఏ చర్చీ కాదు, ఏ మఠమూ కాదు. మన బెంజి సర్కిల్ దగ్గర నాస్తిక కేంద్రం ఉంది చూశారా, గోరా గారు పెట్టింది, ఆయన కొడుకు లవణం గారు, కోడలు హేమలత గారు. హేమలత గారు వినుకొండ జాషువా గారి అమ్మాయి, అంటే పుట్టిల్లు క్రైస్తవం, మెట్టినిల్లు నాస్తికం. చంబల్ లోయలో బందిపోట్లు 1960లో వినోబా ముందు లొంగిపోయిన దారి వాళ్ళ కళ్ళ ముందుంది. వాళ్ళ చేతిలో హాజరు పట్టీ లేదు, పాసు పుస్తకం లేదు, మారితేనే వస్తాం అన్న షరతూ లేదు. దేవుడి పేరెత్తకుండా కూడా ఈ పని చేయొచ్చని చూపించారు. నేను ఇంకో రకంగా కూడా చదువుకుంటా, అధికారం చేతిలో పెట్టుకోకుండా చేస్తేనే ఈ పని పని కింద లెక్క అని.

ఇక ఇవాళ మనం చూసే జైలు పరిచర్య దారే వేరు. అమెరికాలో ప్రెసిడెంట్ నిక్సన్ దగ్గర పనిచేసి వాటర్‌గేట్ కుంభకోణం రోజుల్లో తనే ఏడు నెలలు జైల్లో ఉండొచ్చిన చార్లెస్ కోల్సన్ 1976లో ప్రిజన్ ఫెలోషిప్ పెట్టాడు. మన దేశంలో 1981లో కొట్టాయం దగ్గర వడవాతూర్ సెమినరీలో చదువుకుంటున్న ఫ్రాన్సిస్ కొడియన్, వర్గీస్ కరిప్పేరి మొదలుపెట్టిన పని ప్రిజన్ మినిస్ట్రీ ఇండియా అయింది, ఆర్‌సీఎం (కాథలిక్) చర్చిల్లో ఆగస్టు రెండో ఆదివారం దీని పేరు మీదే ప్రార్థనలు చేస్తారు. ఒకాయన మాజీ ఖైదీ, మిగతా ఇద్దరూ అప్పటికి ఇంకా ఫాదర్లు కూడా కాని కుర్రాళ్ళు. ఎవరి చేతిలోనూ తాళం లేదు. మన దగ్గర ఈ పని చేసేవాళ్ళూ అంతే, రిటైరైన రైల్వే ఉద్యోగులు, టీచరమ్మలు, నర్సులు, రేకుల షెడ్డులో సంఘం నడుపుకునే పాస్టర్లు.

వీళ్ళు లోపలికెళ్ళే తీరు చూస్తే ఇదేదో మతమార్పిడి దండయాత్ర అని ఎవరికీ అనిపించదు. ముందు సూపరింటెండెంట్ గారి పర్మిషన్, తర్వాత గేటు దగ్గర ఆధార్ జిరాక్సు, రిజిస్టర్లో సంతకం, ఫోనూ పర్సూ బయట. తెచ్చిన బన్నుల సంచి పక్కకి తీసుకుని ఒక్కోటి నొక్కి చూస్తారు, గాజు సీసాలో కొబ్బరినూనె తెస్తే అది వెనక్కే. కంజీర లోపలికి పోవాలన్నా ఒకరికి ఇద్దరు అటూ ఇటూ తిప్పి చూడాలి. ఆడవాళ్ళ బ్యారక్‌కి సిస్టర్లే వెళ్తారు, అక్కడ తల్లితో పాటు ఆరేళ్ళ లోపు పిల్లలు కూడా ఉండొచ్చు, 2006లో ఆర్‌డీ ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు ఆ పిల్లల కోసం చెప్పిన మాటలు చాలానే ఉన్నాయి (ఆ కేసులో ఎదుటి పార్టీ మన రాష్ట్ర ప్రభుత్వమే). పాటా వాక్యం అయిపోయాక చివరి అయిదు నిమిషాలే అసలు కష్టం. "అయ్యగారూ, ఈ నెంబరుకి ఒక్క ఫోన్ చేసి మా ఆవిడకి చెప్పరా, వాయిదాకి రమ్మని" అని చెవిలో అంటాడు. చెయ్యకూడదు. చీటీ తీసుకోకూడదు, నెంబరు గుర్తుపెట్టుకోకూడదు, బయటికి కబురు మోసినట్టు తెలిస్తే ఆ సంఘం మొత్తానికి గేటు మూసుకుపోద్ది. తెలిసిన వాలంటీరు ఏం చేస్తాడంటే ఆ మనిషి ముందే జైలు అధికారికో లీగల్ సర్వీసెస్ వాళ్ళకో చెప్పి రాయించి వస్తాడు. తెలియనివాడు మొహమాటపడి చీటీ జేబులో వేసుకుంటాడు, ఆ ఒక్కడి వల్ల మిగతావాళ్ళకి తిప్పలు.

ఇంకోటి, లోపల ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి శిక్ష పడలేదు. 2022 చివరి లెక్క ప్రకారం దేశం మొత్తం జైళ్ళలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే, నూటికి 75 పైమాటే. బెయిల్ వచ్చి కూడా షూరిటీలు దొరక్క లోపలే ఉండిపోయేవాళ్ళు ఉంటారు. ఇంటి పన్ను రసీదు పట్టుకుని కోర్టుకి వచ్చి నిలబడేవాడు ఎవడున్నాడు వాళ్ళకి? అక్కడ నిలబడిన వాలంటీర్లు ఉన్నారు, వాళ్ళు ఫేస్‌బుక్‌లో కనపడరు.

అభ్యంతరం చెప్పేవాళ్ళ దగ్గర చట్టం బలం లేదని కాదు. ప్రచారం చేసుకునే హక్కులో మతం మార్చే హక్కు కలిసి లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2007లో తిరుమల లాంటి చోట్ల వేరే మత ప్రచారం కూడదని మన రాష్ట్రంలో చట్టం వచ్చింది, అయితే అది గుళ్ళూ ప్రార్థనా స్థలాల సంగతి, జైళ్ళది కాదు, మతమార్పిడి చట్టమంటూ విడిగా మనకి లేదు. 2023 మొదట్లో కేరళ జైళ్ళ శాఖ మత సంస్థలన్నిటికీ గేటు మూసింది, చర్చిలు గట్టిగా అడిగాక ఆ సంవత్సరమే సడలించారు. అభ్యంతరం చెప్పేవాళ్ళు ఇంకో మాట అంటారు, ఎస్సీ కుర్రాడు జైల్లో బాప్తిస్మం తీసుకుంటే, క్రైస్తవులకి ఎస్సీ హోదా లేదనే 1950 ఉత్తర్వు ప్రకారం బయట వాడి కుల ధ్రువీకరణే ప్రశ్న అవుద్ది కదా అని. నిజమే, అవుద్ది. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసు ఆ కారణంతోనే కొట్టేసింది. ఈ ముక్క లోపల వాక్యం చెప్పేవాళ్ళు ఖైదీకి చెప్పాలి, చెప్పేవాళ్ళు తక్కువే.

కాకపోతే అర్జీల్లో రాసేది ఇది కాదు. వాళ్ళకి కనపడేది పుస్తకం, పాట. నాకు భయం వేసేది వేరే చోట. కొన్నిచోట్ల "ఫలానావాడు బాగా మారాడండీ" అని వాలంటీరు అధికారికి చెప్తే ఆ మాటకి విలువ ఉంటది, దాంతో ఖైదీకి ఏదో ఒరుగుద్దని బ్యారక్‌లో పుకారు పుడుద్ది. అదిగో, హాజరు పట్టీ మళ్ళీ వచ్చినట్టే. అప్పుడు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాడి మనసులో ఏముందో మళ్ళీ తెలియదు. విడుదలైన మనిషిని ఆ ఆదివారమే స్టేజీ ఎక్కించి "నేను ఫలానా నేరం చేశాను" అని సాక్ష్యం చెప్పించి యూట్యూబ్‌లో పెట్టడం కూడా ఇందులోదే. కేసు ఇంకా నడుస్తుండగా అట్టా చెప్పించారంటే వాడి లాయరు తల పట్టుకోవాల్సిందే. 2020లో విదేశీ విరాళాల చట్టం మార్చి ఒక సంస్థకి వచ్చిన డబ్బు ఇంకో సంస్థకి ఇవ్వకూడదన్నాక చిన్న మినిస్ట్రీలకి చేతులు కట్టేసినట్టయింది, కానుకల కోసం వీడియోల మీద పడ్డవాళ్ళు ఉన్నారు, ఆ ఇబ్బంది అర్థమవుద్ది గానీ అందులో మొహం కనపడేది ఖైదీది.

రెండు పక్షాలూ వదిలేసిన పని ఒకటుంది. 2023లో కేంద్రం పేద ఖైదీల సాయం స్కీము పెట్టింది, విచారణ ఖైదీకి బెయిల్ కోసం 40,000 దాకా, శిక్ష పడ్డవాడికి జరిమానా కోసం 25,000 దాకా ఇస్తామని అప్పట్లో చెప్పారు. జిల్లాకో కమిటీ, అందులో కలెక్టరు, ఎస్పీ, లీగల్ సర్వీసెస్ సెక్రటరీ, జైలు సూపరింటెండెంటు, ఒక జడ్జి. ఎవరికి అవసరమో చూసి కాగితాలు కదిలించడానికి ఆ కమిటీ సామాజిక కార్యకర్తల సాయం కూడా తీసుకోవచ్చని గైడ్‌లైన్స్‌లోనే రాసి ఉంది. బైబిల్ తీసుకెళ్ళొచ్చా అని అడిగే అర్జీలు, తీసుకెళ్ళకూడదని ఇచ్చే అర్జీలు చూశా గానీ, ఆ కమిటీలో మా మనిషిని వేసుకోండి అని ఏ చర్చి సంఘం వాళ్ళూ ఏ హిందూ పరిషత్ వాళ్ళూ ఇచ్చిన అర్జీ ఇంతవరకు నా కంటబడలా.