రక్తం ఆగితే హీట్ అయిపోయినట్టు కాదు: కుక్కలు, పిల్లులకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ మీద అపోహలు - వాస్తవాలు

"రక్తం పడినన్ని రోజులూ గదిలోనే పెట్టాం డాక్టర్‌గారూ. పూర్తిగా ఆగాకే వాకింగ్‌కి తీసుకెళ్లాం. ఇప్పుడు కడుపుతో ఉందంటారేంటి?" స్కానింగ్ తెర మీద నాలుగు బుల్లి గుండెలు టకటకా కొట్టుకుంటున్నాయి, ఆయన నన్ను నిలదీస్తున్నారు. తప్పు ఆయనది కాదు. మనుషుల లెక్క కుక్కకు వేశారు, అంతే.

"రక్తం ఆగిందంటే హీట్ అయిపోయింది"

హీట్ అంటే ఎదకు రావడం. అందులో అసలు ఘట్టం సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. ఆడవాళ్లకు గర్భం నిలవనప్పుడు నెలసరి వస్తుంది. కుక్కకు రక్తం పడేది గర్భానికి సిద్ధమవుతున్నప్పుడు. మొదటి తొమ్మిది రోజులు, కాస్త అటూ ఇటూగా, రక్తం పడుతుంది, మగకుక్కలు గేటు దగ్గర చేరతాయి, ఇది మాత్రం దగ్గరికి రానివ్వదు. తర్వాత ఆ ఎరుపు పలచబడి గడ్డి రంగులోకి తిరుగుతుంది, నడుము మీద చెయ్యి వేస్తే తోక పక్కకి పెడుతుంది. కలిసేది, కడుపు నిలిచేది అప్పుడే. అందుకే మొదటి చుక్క కనపడిన రోజు క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుని, అక్కణ్నుంచి నాలుగు వారాలు తాడు వదలకండి. ఒకే కాన్పులో పిల్లలకు ఇద్దరు తండ్రులు ఉండటమూ మామూలే. "ఒకటి ల్యాబ్రడార్‌లా ఉంది, రెండోది మా వీధి నల్లోడిలా ఉందేంటండీ" అని అడిగేవాళ్లకు ఇదే సమాధానం.

"ఒక్క కాన్పయినా కావాలి, లేకపోతే ఒంటికి మంచిది కాదు"

నాకు కోపం తెప్పించే మాట ఇదొక్కటే. ఎందుకంటే దీన్ని నమ్మి ఆపరేషన్ వాయిదా వేసినవాళ్లే చాలాసార్లు అర్ధరాత్రి ఫోన్ చేస్తారు.

కడుపు నిలిచినా నిలవకపోయినా, ప్రతి హీట్ తర్వాత దాదాపు రెండు నెలలు ప్రొజెస్టెరాన్ హార్మోన్ పనిచేస్తూనే ఉంటుంది. గర్భసంచి లోపలి పొర మందంగా అవుతుంది, నోరు మూసుకుంటుంది. హీట్‌లో లోపలికి చేరిన బ్యాక్టీరియాకు, ఎక్కువగా ఈ.కోలైకి, అంతకంటే సుఖమైన చోటు లేదు. హీట్ అయ్యాక నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య చీము పడుతుంది. దాన్నే పయోమెట్రా అంటాం. ఒక కాన్పు అయినంత మాత్రాన ఇది రాకుండా పోదు.

ఎనిమిదేళ్ల ల్యాబ్రడార్ ఒకటి వచ్చింది. బిందెడు నీళ్లు తాగుతోందంటే ఎండల వల్ల అనుకున్నారట. తర్వాత అన్నం మానేసింది, వాంతులు. మామూలుగా గర్భసంచికి రెండు పక్కలా ఉండే గొట్టాలు, కొమ్ములంటాం వాటిని, పెన్సిలంత సన్నగా ఉంటాయి. పొట్ట తెరిస్తే రెండు పొట్లకాయలు ఉబ్బి బయటికొచ్చాయి, నిండా చీము. చేత్తో ఎత్తితే చిట్లుతుందేమోనని అసిస్టెంట్ ఊపిరి బిగబట్టాడు. ఆ కుక్క బతికింది. అన్నీ బతకవు. బయటికి చీము కారితే కనీసం యజమాని కంట పడుతుంది. నోరు మూసుకుపోయిన రకం ఇంకా ప్రమాదం, ఏమీ కనపడదు.

స్వీడన్‌లో కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం మొదటినుంచీ తక్కువ. అక్కడి ఇన్సూరెన్స్ రికార్డుల ప్రకారం పదేళ్లు వచ్చేలోపు ఆడకుక్కల్లో సుమారు ఐదింట ఒకదానికి పయోమెట్రా వచ్చింది. గర్భసంచి, అండాశయాలు రెండూ ముందే తీయించేస్తే ఈ గొడవే లేదు.

"ఆపరేషన్ ఎందుకు, హీట్ రాకుండా ఇంజెక్షన్ ఉందిగా"

ఉంది. హార్మోన్ ఇంజెక్షన్. అదే పయోమెట్రాకు దారి వేస్తుంది, పొదుగులో గడ్డలు, షుగర్ కూడా రావచ్చు. నేను వేయను.

"మగకుక్కకు చేయిస్తే కాపలా కాయదు"

గేటు దగ్గర మొరిగే గుణం వృషణాల్లో ఉండదు. తగ్గేది ఆడకుక్క వాసనకు గోడ దూకడం, మూలమూలనా ఉచ్చ పోయడం. అలాగని కరిచే కుక్కకు ఆపరేషన్ చేస్తే సాధువైపోతుందనుకోవడమూ పొరపాటే. భయంతో కరిచేదానికి దీనివల్ల ఉపయోగం ఉండదు, కొన్నిసార్లు ఇంకా ముదురుతుంది. ఇంకో మాట, ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని వారాలు వీర్యకణాలు మిగిలి ఉంటాయి, వెంటనే వదలకండి.

బయట తిరిగే కుక్కలకు మన దగ్గర టీవీటీ అనే క్యాన్సర్ ఎక్కువ. కలిసినప్పుడు క్యాన్సర్ కణాలే ఒక కుక్క నుంచి ఇంకోదానికి అంటుకుంటాయి. జననాంగం దగ్గర కాలీఫ్లవర్ పువ్వులాంటి గడ్డ, చుక్కచుక్కగా రక్తం. "మగకుక్కకు కూడా హీట్ వస్తుందా సార్" అని తీసుకొస్తారు. వారానికోసారి విన్‌క్రిస్టీన్ అనే క్యాన్సర్ మందు ఎక్కిస్తే చాలావాటికి నయమవుతుంది.

"ఎంత చిన్నప్పుడు చేయిస్తే అంత మంచిది"

ఇది మా డాక్టర్లలోనూ కొందరి మాట. అన్నిటికీ వర్తించదు. గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతుల్లో ఏడాది నిండకముందే చేయిస్తే కీళ్ల జబ్బులు పెరుగుతున్నట్టు అధ్యయనాల్లో తేలింది. వాటికి కాస్త ఆగమంటాను. లావైపోతుందన్న భయం మాత్రం సగం నిజం. ఆపరేషన్ తర్వాత తిండి అవసరం తగ్గినా పెరుగన్నం అదే గిన్నెడు పెడితే లావు కాక ఏమవుతుంది?

"చెవి తెగింది, అది కొట్లాట కుక్క"

వీధికుక్క చెవి కొస నీటుగా కత్తిరించినట్టుంటే ఆపరేషన్ అయిందని గుర్తు. 2023 ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) రూల్స్ ప్రకారం దాన్ని పట్టిన చోటే వదలాలి. స్కూళ్లు, ఆసుపత్రుల ఆవరణల విషయంలో సుప్రీంకోర్టు 2025లో వేరే ఆదేశాలిచ్చింది. చిత్తకార్తె కుక్కలని మనవాళ్లు ఊరికే అనలేదు. అక్టోబరులో కలిస్తే 63 రోజులకు కాన్పు, సంక్రాంతి ముగ్గుల మధ్య పిల్లలు దొర్లుతుంటాయి. మీ కాలనీకి ఆపరేషన్ బండి రావాలంటే దసరాకి ముందే మున్సిపాలిటీకి చెప్పండి.

"పాలిచ్చే పిల్లికి మళ్లీ కడుపు రాదు"

వస్తుంది. పిల్లికి అండం విడుదలయ్యేది ఎక్కువగా కలిసినప్పుడే, కాబట్టి గురి తప్పడం తక్కువ. పిల్లల్ని ఏడిళ్లు తిప్పడం పూర్తయ్యేసరికి మళ్లీ కడుపుతో ఉండొచ్చు. రాత్రంతా పసిపిల్ల ఏడ్చినట్టు అరిచి నేల మీద దొర్లుతుంటే జబ్బేమో అని కంగారుపడతారు, అది హీటే. పిల్లలు సొంతంగా తినడం మొదలుపెట్టాక తల్లిని తీసుకురండి. ఆ పిల్లల్లో ఆడవాటిని కూడా నాలుగైదు నెలలు రాగానే బుట్టలో వేసుకుని రండి, ఆరో నెలకల్లా అవీ కడుపుతో ఉండొచ్చు.