రోబో నడిపిస్తుంటే నడుముకి కరెంటు కూడా దేనికి?

పక్షవాతం (స్ట్రోక్) గట్టిగా వచ్చి నిలబడటం కూడా కష్టమైన పేషెంట్లకి ఈ మధ్య రోబో నడకతో పాటు వెన్నుపాముకి కరెంటు ఇచ్చి చూస్తున్నారు. వినడానికి కొత్తే గానీ ఈ రెండూ పుట్టింది వేరే వేరే చోట్ల, వేరే అవసరాల కోసం.

కరెంటు కథే పాతది. మెదడుతో సంబంధం తెంచేసినా పిల్లి వెన్నుపాము నడకలాంటి లయ పుట్టించగలదని గ్రాహం బ్రౌన్ అనే శాస్త్రవేత్త 1911లోనే చూపించాడు. 1967లో అమెరికాలో షీలీ అనే సర్జన్ వెన్నుపాము మీద ఎలక్ట్రోడ్ పెట్టింది మాత్రం నొప్పి తగ్గడానికి, నడక ఊసే లేదు. తర్వాత 1973లో నొప్పి కోసమే అది పెట్టించుకున్న మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాము నరాల పైపొర దెబ్బతినే జబ్బు) పేషెంట్‌కి కాళ్లూ చేతుల కదలిక కూడా బాగుపడిందని రాశారు, అక్కడ్నుంచి డాక్టర్ల చూపు మారింది. 1998లో డిమిత్రియెవిచ్ అనే పరిశోధకుడి బృందం నడుము కింద అస్సలు కదలిక లేనివాళ్లని పడుకోబెట్టి కరెంటు ఇస్తే కాళ్లు అడుగులేస్తున్నట్టు ఆడాయి. 2018కి అమెరికాలోని లూయీవిల్, మేయో క్లినిక్, స్విట్జర్లాండ్‌లోని లోజాన్ మూడు చోట్లా ఇంప్లాంట్‌తో (ఒంట్లో అమర్చిన కరెంటు పరికరంతో), నెలల తరబడి ట్రైనింగ్‌తో కొందరు అడుగులేశారు. ఈ 1998, 2018 ఫలితాలు వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లవి, స్ట్రోక్ వచ్చినవాళ్లవి కాదు.

ఇక నడక మెషీన్ల సంగతి. 90ల్లో పేషెంట్‌ని బెల్టులతో పైనుంచి వేలాడదీసి ట్రెడ్‌మిల్ మీద నడిపించేవాళ్లు, ఒక ఫిజియో పక్కనే చిన్న స్టూల్ మీద వంగి కూర్చుని పడిపోయిన కాలిని ప్రతి అడుగుకీ చేత్తో ఎత్తి పెడుతుంటే ఇంకొకరు వెనక నడుము పట్టుకోవాలి, కాసేపటికి పేషెంట్ కంటే ముందు ఫిజియో అలిసిపోతారు. ఆ చాకిరీ తగ్గించడానికే జ్యూరిక్‌లో లోకోమాట్ అనే నడక రోబో వచ్చింది, తుంటికీ మోకాలికీ మోటార్లు.

ఫలితాలే కాస్త నిరాశ. ఎంతోకొంత నడవగలిగే స్ట్రోక్ పేషెంట్లలో మామూలు ఫిజియోథెరపీయే లోకోమాట్ కంటే మెరుగని 2008, 2009 అధ్యయనాల్లో తేలింది. కారణం ఊహించొచ్చు, మెషీనే కాలు ఎత్తుతుంటే మనిషి ఊరికే ఊగుతూ ఉండిపోవచ్చు. కానీ చాలా అధ్యయనాల్ని కలిపి బేరీజు వేసే కోక్రేన్ సమీక్షల్లో ఒక మెలిక ఉంది, రోబోని ఫిజియోథెరపీకి తోడుగా వాడితే ఎక్కువ లాభపడేది స్ట్రోక్ వచ్చిన మొదటి మూడు నెలల్లో ఉన్నవాళ్లు, అసలు నడవలేనివాళ్లు. అంటే రోబో దండగ కాదు, అది ఎవరికి ఇవ్వాలన్నదే అసలు లెక్క.

రెండూ కలిసేది ఇక్కడే. స్ట్రోక్‌లో దెబ్బ మెదడుకి, వెన్నుపాము బాగానే ఉంటుంది, పైనుంచి వచ్చే ఆర్డరే బలహీనం. కరెంటు వెన్నులోకి వెళ్లే స్పర్శ నరాల్ని తట్టి కండరాల్ని నడిపే కణాల్ని రెడీగా ఉంచుతుంది, అప్పుడు మిగిలిన కొద్దిపాటి ఆర్డరు కూడా పనిచేసే అవకాశం ఉంది, రోబో ఏమో వందల అడుగులు సరైన పద్ధతిలో వేయిస్తుంది. పైగా ఇప్పుడు ఆపరేషన్ లేకుండా చర్మం మీద ప్యాడ్లు అంటించి కూడా ఇస్తున్నారు. 2023లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో మెడ దగ్గర ఇంప్లాంట్ పెట్టిన ఇద్దరు స్ట్రోక్ పేషెంట్లకి చెయ్యి కదలిక మెరుగైంది, ఆశ పెరగడానికి అదొక కారణం.

నాకైతే తొందరొద్దనే అనిపిస్తుంది. మొదటి నెలల్లో చాలామంది తమంతట తామే కొంత కోలుకుంటారు కాబట్టి ఉత్తుత్తి కరెంటు (ఇస్తున్నట్టు నటించడం) ఇచ్చిన గ్రూపుతో పోల్చకపోతే ఏ మెరుగుదల దేనివల్లో చెప్పలేం. 2024 డిసెంబర్‌లో ఆర్క్-ఈఎక్స్ అనే చర్మం మీద పెట్టే పరికరానికి అమెరికా ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాల్ని ఆమోదించే సంస్థ) అనుమతిచ్చింది, అది కూడా వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల చేతుల కోసం, స్ట్రోక్ నడక కోసం కాదు.