‘మా నాన్న మొండివాడు మేడమ్’: మందులు మానేసేవాళ్ళ గురించి అపోహలు - వాస్తవాలు

షుగర్, బీపీ ఓపీలో వరండా చివరి గది నాది. డాక్టరు గారు చూశాక కొందరిని "ఒకసారి సైకాలజిస్టు మేడమ్‌తో మాట్లాడి వెళ్ళండి" అని పంపిస్తారు. "నాకేమన్నా పిచ్చా?" అని కోపంగానే లోపలికి వస్తారు చాలామంది. పిచ్చికీ నా పనికీ సంబంధం లేదు. మందు ఎందుకు వేసుకోవాలో తెలిసిన మనిషి ఎందుకు వేసుకోలేకపోతున్నాడో తెలుసుకోవడమే నా పని. ఇన్నేళ్ళలో రోగుల ఇళ్ళవాళ్ళ దగ్గర, మా ఆస్పత్రివాళ్ళ దగ్గర మళ్ళీ మళ్ళీ విన్న కొన్ని నమ్మకాల గురించి రాస్తున్నాను.

అపోహ: మందులు సరిగా వాడనిది చదువు లేనివాళ్ళు, మొండివాళ్ళు.

ధనిక దేశాల్లో కూడా దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్ళలో మందులు చెప్పినట్టు వాడేది సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నివేదికలో రాసింది. సగం మంది మొండివాళ్ళు అనుకుంటే ఇక మాట్లాడటానికేమీ ఉండదు.

ఒక రిటైర్డ్ టీచరు గారిని కొడుకు తీసుకొచ్చాడు. బీపీ మాత్ర సగానికి విరిచి వేసుకుంటున్నారట. "మా నాన్న మొండివాడు మేడమ్, ఎవరు చెప్పినా వినడు" అన్నాడు. అబ్బాయిని కాసేపు బయట కూర్చోమన్నాను. పెద్దాయన నెమ్మదిగా చెప్పారు: "మా పక్కింటాయన ఇరవై ఏళ్ళు మాత్రలు మింగాడమ్మా. చివరికి డయాలసిస్‌కి పోయాడు. మందుల వేడికే కిడ్నీలు పోయాయన్నారు."

ఆయన తన కిడ్నీలు కాపాడుకుంటున్నారు! అదుపులో లేని బీపీ కిడ్నీలను దెబ్బతీస్తుందని, ఈ మాత్ర వాటిని కాపాడటానికేనని ఎవరూ కూర్చుని చెప్పలేదు. బ్రిటన్‌లో రాబర్ట్ హోర్న్ బృందం 1999లో మందుల మీద నమ్మకాలను కొలిచే ఒక ప్రశ్నావళి తయారుచేసింది. అందులో ముఖ్యంగా చూసేవి రెండు: ఈ మందు నాకు ఎంత అవసరం, దీనివల్ల నాకేమవుతుందోనన్న బెంగ ఎంత. త్రాసులో బెంగ వైపు మొగ్గితే మందు తగ్గిపోతుంది. ఆ తర్వాత వచ్చిన ఎన్నో అధ్యయనాల్లో ఇదే కనబడింది. చదువుకున్నవాళ్ళకు బెంగ తక్కువేమీ కాదు. ఇంటర్నెట్‌లో సైడ్ ఎఫెక్టులు చదివి రాత్రంతా నిద్రపోని ఇంజనీర్లను కూడా చూశాను.

బీపీకి ఇంకో చిక్కుంది. "తల తిరగట్లేదు, మెడ నరాలు లాగట్లేదు, ఇవాళ బీపీ లేదు" అంటారు. హోవర్డ్ లెవెంతాల్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 1985లో అమెరికా రోగుల గురించి సరిగ్గా ఇదే రాశారు. బీపీ పెరిగితే మనుషులకు తెలియదన్న మాటను 80 శాతం మంది ఒప్పుకున్నారు. కానీ తమ విషయానికి వచ్చేసరికి, తమకు మాత్రం తెలుస్తుందని వాళ్ళలో ఎక్కువమంది నమ్మారు. చదివినప్పుడు మా వరండాలో బెంచీ మీద కూర్చున్నవాళ్ళే గుర్తొచ్చారు నాకు. అందుకే "బీపీకి లక్షణాలుండవు" అని చెప్పి వదిలేయను. తల బాగున్న రోజున, అక్కడే, ఆయన ముందే బీపీ చూపిస్తాను.

అపోహ: గట్టిగా భయపెడితే దారికొస్తారు.

ఒక షుగర్ పేషెంటు అమ్మకు కాలు తీసేసిన ఫొటో ఫోన్లో చూపించి "నీకూ ఇదే గతి" అనడం నేను కళ్ళారా చూశాను. ఆ అమ్మ ఆరు నెలలు ఆస్పత్రి వైపు రాలేదు. అన్నాళ్ళూ ఆమె భయపడుతూనే ఉంది.

దీని మీద 1965లో లెవెంతాల్ బృందమే యేల్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం ప్రచురించింది. ధనుర్వాతం గురించి కొందరు విద్యార్థులకు ఒళ్ళు జలదరించే ఫొటోలతో, ఇంకొందరికి మామూలుగా పుస్తకాలిచ్చారు. ఎక్కువ భయపడ్డవాళ్ళు టీకా వేయించుకోవాలని గట్టిగానే అనుకున్నారు. వేయించుకున్నది మాత్రం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకలాగే. తేడా తెచ్చింది వేరే విషయం. కొందరికి హెల్త్ సెంటరు ఎక్కడుందో గుర్తుపెట్టిన మ్యాపు, టీకా వేసే వేళలు ఇచ్చి, "మీ వారం చూసుకుని ఎప్పుడు వెళ్ళాలో అనుకోండి" అన్నారు. వాళ్ళలో దాదాపు 28 శాతం వెళ్ళారు. ఆ వివరాలు ఇవ్వనివాళ్ళలో వెళ్ళింది 3 శాతమే. చదువుకునేది అక్కడే, చివరి ఏడాది విద్యార్థులు, హెల్త్ సెంటరు ఎక్కడుందో తెలియక కాదు!

చిన్న అధ్యయనమే. పైగా ఏ భయమూ కలిగించకుండా మ్యాపు మాత్రం ఇస్తే కూడా ఎవరూ కదల్లేదు. కాబట్టి జబ్బు తీవ్రత దాచిపెట్టమని నేను అనను. భయం కలిగించినవాళ్ళం ఆ పక్కనే దారి కూడా చూపించాలి. దారి కనబడని భయం మనిషిని ఆస్పత్రికే దూరం చేస్తుంది.

అపోహ: మనసుంటే మార్గముంటుంది. చేయట్లేదంటే ఇష్టం లేనట్టే.

థామస్ వెబ్, పాస్కల్ షీరన్ 2006లో 47 ప్రయోగాలను కలిపి చూశారు. మనిషి అనుకునేదాన్ని బాగానే మార్చినా, చేసేదానిలో వచ్చిన మార్పు అంతకంటే చిన్నది. సంకల్పం కావాలి, కానీ అదొక్కటే సరిపోదు.

ఒక ఆటో డ్రైవరు షుగర్ మాత్ర పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోవాలి. ఆయన ఇంట్లో బయల్దేరేది అయిదింటికి, తినేది తొమ్మిదింటికి, బస్టాండు దగ్గర బండి మీద. మాత్రల డబ్బా ఇంట్లో ఫ్రిజ్ మీద. ఇందులో ఇష్టం లేకపోవడం ఎక్కడుంది? "బండి దగ్గర ఇడ్లీ ప్లేటు చేతికి రాగానే జేబు తడుముకుంటాను" అన్నది ఆయన వేసుకున్న ప్లానే. ఆ రోజు మాత్ర ఒక్కటీ చిన్న డబ్బీలో చొక్కా జేబులోకి మారింది. ‘ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను’ అని ముందే ముడి వేసుకోవడం మీద జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ చాలా కాలం పనిచేశారు. నా గదిలో నేను అన్నిటికంటే ఎక్కువగా వాడేది ఇదే.

అపోహ: 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది.

లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం కొత్త అలవాటు మొదలుపెట్టిన 96 మందిని 12 వారాలు గమనించింది. పని దానంతటదే జరిగే స్థాయికి రావడానికి పట్టే కాలం మధ్యస్థంగా 66 రోజులని లెక్క తేలింది. ఆ 12 వారాల తీరును బట్టి వేసిన అంచనాలో కొందరికి 18, కొందరికి 254. మధ్యలో ఒక రోజు తప్పితే కొంప మునగలేదు. ఇరవై రెండో రోజున "నావల్ల కాదు" అని వాకింగ్ మానేసినవాళ్ళకు ఈ ఒక్క మాట చెబితే చాలు, మళ్ళీ బూట్లు తొడుక్కుంటారు.

అపోహ: పేషెంట్లు అబద్ధాలు చెబుతారు.

చెబుతారు, నిజమే. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి కడుపు మాడ్చుకుని వస్తారు. రెండు మూడు నెలల షుగర్ సగటు చూపించే హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష దగ్గర దొరికిపోతారు, మళ్ళీ తిట్లు తింటారు. తిట్లు పడతాయని తెలిసిన చోట ఎవరైనా నిజం ఎందుకు చెబుతారు? 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అమెరికాలో 74 సంప్రదింపులు రికార్డు చేసి విన్నారు. రోగి మాట మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడ్డాడు. మన ఓపీల్లో రద్దీ నాకు తెలుసు, డాక్టర్ల మీద నింద వేయడం లేదు. కానీ ప్రశ్న మార్చడానికి అదనపు టైమేమీ పట్టదు.

"మందులు సరిగా వేసుకుంటున్నావా?" అంటే "ఆఁ" అనే వస్తుంది. "అందరికీ అప్పుడప్పుడు తప్పుతుంది కదా, పోయిన వారంలో ఎన్ని రోజులు కుదరలేదు?" అని అడిగి చూడండి. ఆ టీచరు గారిని నేను అలాగే అడిగాను. ఆయన కాసేపు తలుపు వైపు చూసి, కొడుకు వినడం లేదని రూఢి చేసుకుని, "నాలుగు రోజులమ్మా" అన్నారు.