సుంకి ఘాట్‌లో సెకండ్ గేరు

సాలూరు దాటి కోరాపుట్ వైపు సుంకి ఘాట్ ఎక్కుతున్నాం. చిన్న పెట్రోలు కారు, ఐదుగురం, డిక్కీ నిండా పెళ్లి సామాను. నాలుగో గేరులో ముప్ఫై అయిదు మీదున్నాను. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా స్పీడు ముల్లు కిందికే జారుతోంది, గేర్ రాడ్డు చేతికింద వణుకుతోంది. పక్కన మావయ్య, జయపురంలో పాతికేళ్లు లారీ తోలిన మనిషి. “బండి మూలుగుతోందిరా, వినబడట్లేదా? సెకండ్‌లోకి దించు.” దించాను. ఇంజను గోల పెట్టింది, బండి అందుకుంది.

మావయ్య చెవితో పట్టినదాన్ని తర్వాత కాగితం మీద వేసి చూశాను. టార్క్ అంటే తిప్పే బలం. ఇలాంటి ఇంజను ఇచ్చేది ఎక్కువలో ఎక్కువ 110 న్యూటన్ మీటర్లు. పంక్చర్ షాపు కుర్రాడు వీల్ నట్లు బిగించే బలమూ ఇంచుమించు అంతే! దాంతో 1,300 కిలోల బరువు కొండెక్కుతోందంటే గేర్ల పుణ్యమే.

సెకండ్ గేరు నిష్పత్తి 1.9, డిఫరెన్షియల్‌ది (గేర్‌బాక్సుకీ చక్రాలకీ మధ్యనుండే చివరి పళ్లచక్రాల జతది) 4.1 అనుకుందాం. గుణిస్తే 7.8. ఇంజను అన్ని చుట్లు తిరిగితే చక్రం తిరిగేది ఒక్క చుట్టు. బదులుగా బలం అన్ని రెట్లవుతుంది. గునపంతో బండరాయి లేపినట్టే: చెయ్యి బారెడు కదిలితే రాయి బెత్తెడు లేస్తుంది. ముప్ఫై అయిదు స్పీడులో, సెకండ్‌లో, ఇంజను నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతుంది. అప్పుడది 100 న్యూటన్ మీటర్లు ఇస్తుందనుకుంటే, 30 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న చక్రం రోడ్డును తన్నే బలం, మధ్యలో రాపిడికి పదో వంతు పోగా, 2,340 న్యూటన్లు. పన్నెండు అడుగులకు ఒకడుగు లేచే ఎత్తులో బండి బరువు, టైర్ల రాపిడి కలిసి వెనక్కి లాగేది 1,250. మిగిలిన 1,090తో ప్రతి సెకనుకూ స్పీడు గంటకు మూడు కిలోమీటర్ల చొప్పున పెరుగుతుంది.

నాలుగో గేరు నిష్పత్తి 0.95 అయితే చుట్లు 1,200కి పడిపోతాయి. అంత నెమ్మదిలో ఇంజను 85 ఇస్తే గొప్ప. చక్రం దగ్గర 1,000 న్యూటన్లు కూడా రావు. ముల్లు జారక ఏం చేస్తుంది?

గేరు శక్తిని పుట్టించదు. సెకండ్‌లో ఇంజనుకు రెండింతలు తిరిగే వీలు దొరికింది కాబట్టి అది ఇచ్చే శక్తి 11 కిలోవాట్ల నుంచి 25కి పెరిగింది, అంతే. ఫస్ట్‌లో ఇంకా లాగేదే గానీ, 47 దగ్గరికే ఆరువేల చుట్లకు చేరి గొంతు చించుకునేది.

దిగేటప్పుడూ మావయ్య సెకండే వేయించాడు. యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనే చక్రాన్ని పట్టి ఆపుతుంది. ఆ పట్టూ 7.8 రెట్లే. కింద మలుపులో ఆగి ఉన్న జీపు దగ్గర కాలిన బ్రేకుల వాసన గుప్పుమంది.